బయటికి తెరుచుకునే తలుపులు

బుధవారం సాయంత్రం అయిదున్నరకు బోధన్‌లో తన ఆఫీసు గదిలోంచి "చాయ్ తాగొస్త" అని లేచి వెళ్ళిన హన్మండ్లు శనివారం పొద్దునకు కూడా ఇల్లు చేరలేదు.

ఆయన లైసెన్సున్న ప్లాన్ల మనిషి. ఇల్లయినా, దుకాణమయినా, రైస్‌మిల్లయినా పర్మిషన్ కోసం పెట్టాల్సిన ప్లాన్ గీసిచ్చేవాడు. ఆయన భార్య శ్యామలమ్మ శుక్రవారం మధ్యాహ్నం బీడీల చాట దించి, నిజామాబాద్ బస్సెక్కి డిటెక్టివ్ మార్కండేయ ముందు కూర్చుంది. ఆమె చెప్పింది రెండే ముక్కలు: "మా ఆయనకు పగోడు లేడు. ముప్పయ్యేండ్ల సంది గీతలు గీసుడు తప్ప ఇంకోటి ఎరుకలేదు."

మార్కండేయ పదేళ్ళు కానిస్టేబులుగా చేసి మానేసినవాడు. పెళ్ళి సంబంధాల వాకబు, ఇన్సూరెన్సు వాకబు ఆయన రోజువారీ పని. కట్టడాల రూల్స్ గురించి ఆయనకు తెలిసింది సున్నా. అయితే తెలియని సంగతి ఎదురైతే ఆయన ప్రాణం ఊరుకోదు. అందుకే శనివారం పదకొండింటికల్లా స్కూటరేసుకుని బోధన్‌లో హన్మండ్లు గది ముందు దిగాడు.

తాళం తీసింది జహీరున్నీసా. నలభై అయిదేళ్ళ మనిషి. హన్మండ్లు గీసినదాన్ని ట్రేసింగ్ కాయితం మీదికి ఎక్కించడం, అక్షరాలు రాయడం, కాపీలు తీయడం పన్నెండేళ్ళుగా ఆమె పని.

"గురువారం గది తీసిన్రా ఆపా?" అని అడిగాడు మార్కండేయ.

"తొమ్మిదిన్నరకు తీసిన. పొద్దంత ముసురు. మూడింటికి మూసుకొని పోయిన."

"నిన్న?"

"నిన్న శుక్రవారం కద. తియ్యలే."

జవాబు కాస్త తొందరగా వచ్చిందనిపించింది ఆయనకు. నోట్‌బుక్కులో రాసుకుని, గది చూడటం మొదలుపెట్టాడు.

వాలుగా నిలబెట్టిన బల్ల, దాని మీద గీతలు గీసే టీ-స్క్వేరు. మూల ఒక పొడుగాటి రేకు గొట్టం. ఎదురుగోడ మాత్రం ఆయన్ని కదలనివ్వలేదు. పైనుంచి కింది దాకా కాయితాలే. గెజెట్ ముక్కలు, సర్క్యులర్ల నకళ్ళు, చేత్తో ఎత్తిరాసుకున్నవి. ప్రతిదాని మీదా తారీఖు, మారిన చోట ఎర్ర పెన్సిలు గీత.

"ఇదేంది, పంచాంగమా?"

జహీరున్నీసా ముఖంలో మొదటిసారి కొంచెం నవ్వు కనిపించింది. "పంచాంగమే అనుకోండ్రి. ప్రతి సోమవారం అన్న నిజామాబాద్ పోతడు. ఏ రూలు మారింది, ఎన్నడు మారింది, రాసుకొని వస్తడు. తెల్లారేసరికి గోడ మీద ఉంటది. వేరేటోళ్ళ ప్లాన్లు నాలుగు సార్లు వాపస్ వస్తయి. అన్న ప్లాను ఒక్కసారి గూడ వాపస్ రాలే."

"అంత తరచుగ మారుతయా?"

"రోడ్డుకు ఎంత జాగ వదలాలె, బిల్డింగు ఎన్ని మాళ్ళు లేపచ్చు, అన్నీ మారుతయి. ఆఖరుది నిరుడు జూన్ ఒకటి." ఆమె వేలితో ఒక కాయితం చూపించింది. "జనం కూడే బిల్డింగులకు వచ్చిన రూలు. పెండ్లిండ్లయ్యే శాదీఖానాలు, హాస్టళ్ళు, సినిమా హాళ్ళు. రెండు దిక్కుల మెట్లు ఉండాలె. తలుపులు బయటికి తెరుసుకోవాలె."

"బయటికా? లోపలికి తెరిస్తే ఏమైతది?"

జహీరున్నీసా గది తలుపు మూసింది. "దాని మీద ఆనుకోండ్రి. మీ ఎనుక వంద మంది తోస్తున్నరు, లోపల మంట అంటుకున్నది. ఇగ తలుపు మీ దిక్కు గుంజుండ్రి."

మార్కండేయ గొళ్ళెం పట్టుకుని గుంజబోయాడు. తన ఒంటి బరువుకే తలుపు కదల్లేదు.

"జూన్‌కు ముందర ఎట్ల గీసేటోళ్ళు?"

"అందరం లోపలికే గీసినం. రూలు లేదు, అడిగేటోడు లేడు." ఆమె ఒక పాత ప్లాన్ పరిచింది. తలుపున్న ప్రతిచోటా ఒక గీత, ఆ గీత కొసనుంచి పావు చందమామలా ఒక వంపు. వంపు ఎటు తిరిగితే తలుపు అటు తెరుచుకుంటుంది. మార్కండేయ వంపులన్నీ వేలితో తడిమి చూశాడు. అన్నీ గది లోపలికే.

కొత్త భాష వచ్చేసినంత సంబరం కలిగింది ఆయనకు. ఆ సంబరమే ఇంకో గంటలో కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

"అన్నకు ఎవరితోనన్న పేచీ అయిందా?"

ఆమె కాసేపు కొంగు కొస వేలికి చుట్టుకుంది. "రాజేశ్వర్ సేటుతోని. నిజామాబాద్ రోడ్డు మీద పెట్రోల్ బంకు ఎదురుంగ శాదీఖానా కట్టిండు చూడండ్రి. దానికి జులైల ఇంకెవరితోనో పాత రూలు మీద ప్లాన్ గీపించి పెట్టిండు. వాపస్ వచ్చింది. కొంచెం దిద్ది పెట్టిండు. మల్ల వచ్చింది. గట్ల ఆరు నెలలు పోయినయి. పర్మిషన్ రాకముందే బిల్డింగ్ లేపిండు. గప్పుడు అన్న దగ్గరికి వచ్చిండు."

"అన్న ఏమన్నడు?"

"రెండో దిక్కు మెట్లు కట్టు, తలుపులు తిప్పు, నేను కొత్తగ గీసిస్త, నెలరోజులల్ల పర్మిషన్ వస్తది అన్నడు. సేటు విన్లే. జూన్‌కు ముందటి తారీఖు ఏసి గీసియ్యి, పాత రూలు కిందికి వస్తది అన్నడు. అన్న మాట మాట్లాడకుంట లేసి చెప్పులు ఏసుకున్నడు. పోయిన సోమవారం సంగతి."

"హాల్లో మొదటి లగ్గం ఎన్నడు?"

"వచ్చే గురువారం."

రాజేశ్వర్‌కు అయిదు రోజులే మిగిలాయి. మార్కండేయ ఆ అంకె కింద గీత గీసి, మూలనున్న రేకు గొట్టం దగ్గరికి వెళ్ళాడు. వదులు మూత ఎత్తి తల వంచాడు. ముక్కు భగ్గుమంది. కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

"అమోనియా," అంది జహీరున్నీసా. "గీసిన ట్రేసింగును మందు పూసిన పచ్చ కాయితం మీద పెట్టి, అద్దం కింద ఎండకు పెడతం. తర్వాత కాయితం చుట్టి దీంట్ల దించుతం. గీతలు నీలంగ తేలుతయి."

"అమోనియా ఘాటు ఎన్ని దినాలుంటది?"

"మూత పట్టదు కద, ఒక్కదినం ఉంటే ఎక్కువ. మల్ల పోసుకోవాలె," అని అలవాటుగా చెప్పేసి, ఆమె ఠక్కున ఆగిపోయింది.

మార్కండేయ రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "గురువారం ముసురు. ఎండ లేదు, కాపీ తియ్యరాదు. బుధవారం పోసిన మందు ఇయ్యాల దాంక ఉండదు. అంటే నిన్న ఎండ పొద్దున ఎవరో ఈ గది తీసి కాపీ తీసిండ్రు. తాళంచెవి ఎన్ని?"

"రెండు. ఒకటి అన్న దగ్గర."

"ఇంకోటి మీ దగ్గర."

ఇంతలో బయట జీపు ఆగిన చప్పుడయింది. ఆ చప్పుడు వినగానే ఆమె ముఖం పాలిపోయింది. మార్కండేయ గడియారం చూసుకున్నాడు. పన్నెండూ పది.

లోపలికి వచ్చింది రామ్‌దాస్. సఫారీ సూటు, చేతిలో కాయితం చుట్ట. ఒకప్పుడు మార్కండేయతో పాటే కానిస్టేబులుగా చేరినవాడు, ఇద్దరూ ఒకే గదిలో వండుకు తిన్నవాళ్ళు. ఇప్పుడు రాజేశ్వర్ సేటుకు మేనేజరు.

"ఏం మార్కండేయా, పెండ్లి సంబంధాల వాకబు బందయిందా?"

"పెండ్లిండ్లన్నీ మీ హాల్లనే అయితయని విన్న. హాలు ఎట్లుందో సూద్దామని వచ్చిన."

రామ్‌దాస్ నవ్వాడు. చుట్ట విప్పి బల్ల మీద పరిచాడు. "సూడు మరి. శ్యామలక్క నీకు ఏదేదో చెప్పి ఉంటది. సేటుకు ఆయనతోని పేచీ ఎందుకుంటది? నిరుడు మార్చి పన్నెండున్నే పర్మిషన్ అయింది. ఇగో తారీఖు, ఇగో ముద్ర, ఇగో హన్మండ్లు సంతకం. ఫైలు ఎక్కడనో కనపడకపోతే ఇన్ని దినాలు తిప్పలైంది. మనిషి ఏడికో తీర్థానికి పోయి ఉంటడు, వస్తడు. నువ్వు ఇంటికి పో."

జహీరున్నీసా గోడవైపు తిరిగి నిలబడింది. మార్కండేయ బల్ల మీదికి వంగాడు. ముందు పనిచేసింది ముక్కే.

"పదకొండు నెలల కాయితం ఇంకా కంపు కొడుతుందేంది?"

"కాపీ కొత్తది. ట్రేసింగ్ పాతది. అంతమాత్రం ఎరుకలేదా?"

"కాపీ ఎవరు తీసిండ్రు?"

"హన్మండ్లే. మంగళవారం ఇచ్చిండు."

"మంగళవారం తీసింది శనివారం గింత ఘాటుంటదా?"

"కాయితం వాసన పట్టుకొని కేసు పెడతవా? పది రూపాల వాకబులు చేసుకునేటోనివి, నీకెందుకు ఇంజనీర్ల పని?"

మాట చురుక్కున తగిలింది. పాత స్నేహితుడు గనక ఎక్కడ తగలాలో తెలిసి అన్నాడు. మార్కండేయ ప్లాన్ మీద వేలు పరిగెత్తించాడు. పెద్ద హాలు. రెండు దిక్కులా మెట్లు. ఆరు తలుపులు, ఆరు వంపులు. ఆ ఆరూ గోడ దాటి బయటివైపు తిరిగి ఉన్నాయి.

"రామ్‌దాస్, ఈ వంపు గీతలేందో ఎరుకేనా?"

"డిజైన్."

"తలుపులు. ఆరింటికి ఆరు బయటికి తెరుసుకుంటున్నయి. మెట్లు రెండు దిక్కుల ఉన్నయి. ఈ రూలు వచ్చింది జూన్ ఒకటిన, ఆ గోడ మీద రాసి ఉంది పోయి సదువుకో. జూన్‌ల వచ్చే రూలు హన్మండ్లుకు మార్చిలనే కలలకు వచ్చిందా? ఇది దొంగ తారీఖు ప్లాన్. సదవచ్చినోడు ఎవడు సూసినా నిమిషంల పట్టుకుంటడు."

రామ్‌దాస్ ప్లాన్‌ను ఒకసారి చూశాడు. గోడను ఒకసారి చూశాడు.

"ముంచిండు ముసలోడు," అన్నాడు మెల్లగా, తనలో తాను. కాయితం చరచరా చుట్టి బయటికి వెళ్ళిపోయాడు. జీపు దుమ్ము లేపుకుంటూ కదిలింది. పన్నెండూ ఇరవై అయిదు.

మార్కండేయ గెలిచినవాడిలా వెనక్కి తిరిగాడు. జహీరున్నీసా స్టూలు మీద కూలబడి ఉంది.

"ఏం పని చేసిన్రు సార్!" అంది. "ఆ గీతలు రామ్‌దాసుకు చదవరావు. సేటుకు రావు. రావు గనుకనే అన్న ఇయ్యాల దాంక బతికున్నడు. మీరు చదివి చెప్పిన్రు."

ఆయన చేయి బల్ల అంచు మీద పడింది. తప్పెక్కడ జరిగిందో అర్థం కావడానికి ఒక్క క్షణమే పట్టింది. ముప్పయ్యేళ్ళలో ఒక్క ప్లానూ తిరిగిరాని మనిషి తప్పు గీయడు. గీశాడంటే కావాలనే గీశాడు. పర్మిషనిచ్చే ఆఫీసులో ఎవరో చదువుతారని, పట్టుకుంటారని, ఈ దొంగపని తన చేత బలవంతంగా చేయించారని తెలుస్తుందని గీశాడు. మార్కండేయ మాత్రం రోషానికి పోయి ఆ రహస్యాన్ని దొంగ చేతిలోనే పెట్టాడు.

"అంతా చెప్పండ్రి ఆపా. తొందరగ."

"నిన్న పదింటికి రామ్‌దాస్ మా ఇంటికి వచ్చిండు. అన్న గీసిన ట్రేసింగ్ తెచ్చిండు. అన్న చేతిరాతతోని చీటీ కూడ ఉంది. జహీర తప్ప ఇంకెవరూ దీని కాపీ తియ్యద్దు అని. నోరు తెరిస్తే ఆయన ఇల్లు చేరడు అన్నడు రామ్‌దాస్. గది తీసి కాపీ తీసిన. అప్పుడు ముద్ర లేదు, వీండ్లే ఎక్కడనో దొంగముద్ర చేయించి ఏసిండ్రు."

"మిమ్మల్నే తియ్యమనుడు ఎందుకు?"

ఆమె లేచి, గెజెట్ల కట్ట కింద చెయ్యి పెట్టి నీలం గీతల కాయితం ఒకటి బయటికి లాగింది. "ఎండకు పెట్టినప్పుడు వాడు బయట సిగరెట్ తాగుతున్నడు. రెండు తీసిన. ఎందుకు తీసిన్నో నాకే తెల్వదు. వాడు పోయినంక ఈడనే పొద్దంత చూసిన. తలుపుల సంగతి అర్థమైంది. ఇది కాలే." వేలు కాయితం కింది మూలన ఆగింది.

ఆ మూలన అరచేయంత చిన్న పటం ఉంది. బిల్డింగు ఉన్న చోటికి దారి ఎటో చూపించే పటం, ప్రతి ప్లాన్‌లోనూ ఉండేదే.

"ఇది తప్పు సార్. శాదీఖానా నిజామాబాద్ రోడ్డు మీద ఉంది. దీంట్ల ఆ రోడ్డే లేదు. పెట్రోల్ బంకు లేదు. కాలువ ఉంది. మూడు కల్వర్టులు. వేరే ప్లాన్ల నుంచి చూసి ఏసిండేమో అనుకున్న."

మార్కండేయ కాయితం కిటికీకి దగ్గరగా పట్టుకున్నాడు. కాలువను అడ్డంగా దాటుతున్న రైలు పట్టా. రెండు దిక్కులా చెరుకు చేను అని రాసి ఉంది. మూడో కల్వర్టు పక్కన ఒక చిన్న డబ్బా, దాని మీద పొగగొట్టం. శాదీఖానా అని రాయాల్సిన చోట ఏమీ రాయలేదు. డబ్బా వైపు చూపే బాణం గుర్తు ఒకటే ఉంది.

"తలుపుల తప్పు ఆఫీసోళ్ళకోసం," అన్నాడు. "ఈ పటం మీకోసం. ఆయన ఎక్కడున్నడో గీసి పంపిండు ఆపా. కాలువ మీద రైలు దాటే జాగ ఎక్కడ?"

జహీరున్నీసా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "బెల్లం బట్టీ! సేటు మామది. నాలుగేండ్ల సంది మూతపడి ఉంది."

"జీపుల ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు. గని ఇప్పుడు ఫ్యాక్టరీకి చెరుకుబండ్లు బారు కట్టి ఉంటయి. దారి దొరకది. కాలువ కట్ట మీద స్కూటరు పోతది."

పన్నెండూ ముప్పయ్ అయిదుకు మార్కండేయ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోంచి పోలీసులకు ఫోన్ చేశాడు. జీపు వేరే పని మీద ఉందనీ, నలభై నిమిషాల్లో బట్టీ దగ్గర ఉంటామనీ జవాబు వచ్చింది. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి జహీరున్నీసా స్కూటరు పక్కన నిలబడి ఉంది, బురఖా ముడి బిగించుకుని.

"మీరు ఉండండ్రి ఆపా."

"పటం చదివెటోళ్ళు కావాలె కద," అంది ఆమె.

కట్ట మీద స్కూటరు ఎగిరెగిరి పడింది. మొదటి కల్వర్టు దాటాక దూరంగా రోడ్డు కనిపించింది. చెరుకుబండ్ల వరస మధ్య జీపు టాపు ఇరుక్కుని, హారన్ ఆగకుండా మోగుతోంది. రెండో కల్వర్టు. రైలు పట్టా. మూడో కల్వర్టు దగ్గర కూలిన పొగగొట్టం, తుప్పు రేకుల కప్పు, తలుపుకు కొత్త తాళం. పన్నెండూ యాభై రెండు.

మార్కండేయ స్కూటరు డిక్కీలోంచి టైరు విప్పే ఇనుపకడ్డీ తీసి గొళ్ళెం కింద దూర్చాడు. పుచ్చిన చెక్కలోంచి మేకులు ఊడి వచ్చాయి. లోపల, పాత బెల్లం పెనం పక్కన గోనెసంచి మీద హన్మండ్లు కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది, ఒక కన్ను వాచింది. జహీరున్నీసాను చూడగానే ఆయన అడిగిన మొదటి మాట, "రెండు కాపీలు తీసినవా?"

"తీసిన అన్నా."

ముసలాయన ముఖం వెలిగింది. "తీస్తవని తెలుసు. తలుపులు ఎవరు పట్టుకున్నరు? ఆఫీసుల పెట్టిండ్రా?"

"నేను పట్టుకున్న పెద్దన్నా," అన్నాడు మార్కండేయ తల దించుకుని. "రామ్‌దాసుకు చెప్పిన. వస్తుండు. లే, పోదాం."

హన్మండ్లు తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి, తలుపు దిక్కు కాకుండా బట్టీ పొయ్యి దిక్కు నడిచాడు. బూడిదలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కాయితాలు బయటికి తీశాడు.

"వాడు వచ్చేది నాకోసం కాదు, వీటికోసం. గిట్ల గియ్యి అని నమూనాకు నా ముందర పడేసిండ్రు. వాండ్లు తాగి పండుకున్నంక దాచిన. పొద్దుగాలంత ఎతికి, దొరకక తాళమేసి పోయిండ్రు. ఏడు ట్రేసింగులు. ఏడింటి మీద నా దొంగసంతకం. ఒక్కటి గూడ నేను గీసింది కాదు."

జహీరున్నీసా ఒకటి విప్పి వెలుతురుకు పట్టింది. ఆమె కళ్ళు తారీఖు మీదినుంచి తలుపుల మీదికి, అక్కడినుంచి మెట్ల మీదికి వెళ్ళాయి.

"ఇది నిరుడు దీపావళికి తెరిచిన ఆడపిల్లల హాస్టల్," అంది. "తారీఖు ఏప్రిల్ అని ఏసిండ్రు. మూడు మాళ్ళు. మెట్లు ఒక్కటే. తలుపులన్నీ లోపలికే. రెండు వందల పది మంచాలు అని రాసి ఉంది."

హారన్ చప్పుడు ఆగిపోయిందని మార్కండేయ అప్పుడు గమనించాడు. బండ్ల వరస లోంచి బయటపడిన జీపు కల్వర్టు మీద దడదడమంది.

"ఆపా, పెద్దన్నను తీసుకొని చెరుకుల దిగుండ్రి. ట్రేసింగులు మీ దగ్గరనే ఉంచుండ్రి. రైలు పట్టా దాంక ఆగద్దు."

"మీరు?"

"పోండ్రి."

చెరుకాకులు వాళ్ళిద్దరి వెనక మూసుకున్నాయి. మార్కండేయ ఇనుపకడ్డీ పొయ్యిలోకి విసిరేసి, ఖాళీ చేతులతో బయటికి వచ్చాడు. జీపులోంచి ముగ్గురు దిగారు. ఇద్దరి చేతుల్లో చెరుకు నరికే కత్తులున్నాయి. రామ్‌దాస్ విరిగిన గొళ్ళెం వైపు చూశాడు, ఖాళీ బట్టీలోకి చూశాడు. హన్మండ్లు ఏడని అతను అడగలేదు.

"కాయితాలు ఏవి?"

ఒంటిగంట దాటి రెండు నిమిషాలు. పోలీసు జీపు రావడానికి ఇంకా పదమూడు నిమిషాలుంది. మార్కండేయ జేబులోంచి బీడీకట్ట తీశాడు. ఒకప్పుడు ఒకే గదిలో వండుకు తిన్న మనిషి వైపు ఒక బీడీ చాచి, "కూసో రామ్‌దాస్, చెప్త" అన్నాడు.